నికెల్-జింక్ ఫెర్రైట్: తూకం నుంచి వీఎస్‌ఎం దాకా, తప్పు ఎక్కడ దొర్లుతుందో చూసుకుంటూ చేయడం ఎలా?

ఫెర్రైట్ల (ఐరన్ ఆక్సైడ్‌తో మరో లోహం కలిసిన అయస్కాంత పదార్థాల) మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లూ, పీహెచ్‌డీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లూ తిప్పి తిప్పి ఒకటే అడుగుతుంటారు: "మా శాంపిల్‌కి సాచురేషన్ మాగ్నెటైజేషన్ (గరిష్ఠ అయస్కాంతత్వం) గ్రాముకి 38 ఈఎంయూ (అయస్కాంతత్వపు యూనిట్) వచ్చింది. పేపర్లలో 70 దాకా ఉంది. క్యాటయాన్లు (ధనావేశపు లోహ అయాన్లు) స్ఫటికంలో ఏ-సైట్ అనే చోటు నుంచి బీ-సైట్‌కి మారాయని రాసేయొచ్చా?"

అప్పుడే రాయకండి. ఇలాంటి వింత అంకెల్లో చాలావరకు తూకం దగ్గరో, ఫర్నేస్‌లోనో, వీఎస్‌ఎం (అయస్కాంతత్వాన్ని కొలిచే వైబ్రేటింగ్ శాంపిల్ మాగ్నెటోమీటర్) క్యాప్సూల్‌లో పొడి నింపేటప్పుడో పుడతాయి. ఆ మూడూ సరిగ్గా ఉన్నాయని తేలాకే క్యాటయాన్ల మాట ఎత్తాలి. అందుకే ఈ గైడ్‌లో చేసే పద్ధతి ఎంత ఉందో, సరిచూసుకునే పద్ధతి కూడా అంతే ఉంటుంది. ఉదాహరణకి నికెల్ సగం, జింక్ సగం ఉన్న ఫెర్రైట్‌ని తీసుకుందాం. సిట్రిక్ యాసిడ్‌తో జెల్ చేసి మండించే సోల్-జెల్ ఆటో కంబషన్ పద్ధతిలో చేద్దాం. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లోనే ఉన్నాయి.

సిద్ధాంతం, అవసరమైనంత వరకే

ఇది స్పినెల్ నిర్మాణం. ఒక యూనిట్ సెల్‌లో 32 ఆక్సిజన్లు, వాటి సందుల్లో 24 లోహ అయాన్లు ఉంటాయి. చుట్టూ నాలుగు ఆక్సిజన్లున్న చోటు ఏ-సైట్, అలాంటివి 8 నిండుతాయి. చుట్టూ ఆరున్న చోటు బీ-సైట్, అవి 16. ఏ-సైట్ల అయస్కాంతత్వం ఒక దిక్కుకి, బీ-సైట్లది ఎదురు దిక్కుకి ఉంటుంది. మనం కొలిచేది ఆ రెంటి తేడా. 1948లో నీల్ చెప్పింది ఇదే.

జింక్‌కి తనదంటూ అయస్కాంతత్వం లేదు. అయినా దాన్ని కలిపితే మాగ్నెటైజేషన్ పెరుగుతుంది. జింక్ వెళ్లి ఏ-సైట్‌లో కూర్చుంటుంది, అక్కడున్న ఐరన్ బీ-సైట్‌కి తోసుకుపోతుంది, తేడా పెరుగుతుంది. లెక్క ప్రకారం ఫార్ములాకి నికెల్ ఫెర్రైట్‌లో 2 బోర్ మాగ్నెటాన్లు (పరమాణువుల అయస్కాంతత్వాన్ని కొలిచే యూనిట్) ఉంటే సగం జింక్ ఉన్నదాంట్లో 6 ఉండాలి. ఇది పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర, ఆదర్శ అమరికలో వచ్చే అంకె. గది ఉష్ణోగ్రతలో అంత రాదు. జింక్ పెరిగేకొద్దీ క్యూరీ ఉష్ణోగ్రత, అంటే అయస్కాంతత్వం పోయే ఉష్ణోగ్రత, పడిపోతుంది (నికెల్ ఫెర్రైట్‌కి 585 డిగ్రీలు, సగం జింక్ కలిస్తే 300కి దిగువన). పైగా బీ-సైట్ స్పిన్లు (అయాన్ల చిట్టి అయస్కాంతాలు) పక్కకి ఒరుగుతాయి. ఈ ఒరగడం సంగతి యాఫెట్, కిట్టెల్ 1952లో వివరించారు. అందుకే జింక్ వాటా 0.4, 0.5 దాకా గ్రాఫ్ పైకి వెళ్లి, ఆ తర్వాత దిగుతుంది.

కావలసినవి

0.02 మోల్, అంటే 4.75 గ్రాముల ఫెర్రైట్‌కి లెక్క ఇది. మొదటిసారి ఇంతకు మించి చేయకండి. మంట దశలో ఎక్కువ పరిమాణం ప్రమాదం.

- ఐరన్ నైట్రేట్ (తొమ్మిది నీటి అణువులున్నది): 16.160 గ్రా.
- నికెల్ నైట్రేట్ (ఆరు నీటి అణువులున్నది): 2.908 గ్రా.
- జింక్ నైట్రేట్ (ఆరు నీటి అణువులున్నది): 2.975 గ్రా.
- సిట్రిక్ యాసిడ్ మోనోహైడ్రేట్: 12.608 గ్రా. సీసా మీద అన్‌హైడ్రస్ అని ఉంటే 11.527 గ్రా. కిరాణా కొట్టు నిమ్మ ఉప్పు వద్దు, ఏఆర్ (ప్రయోగశాల స్వచ్ఛత) గ్రేడే వాడండి.
- అమ్మోనియా ద్రావణం, డిస్టిల్డ్ వాటర్
- నాలుగు దశాంశాల తూకం, పీహెచ్ మీటర్, మాగ్నెటిక్ స్టిర్రర్ ఉన్న హాట్‌ప్లేట్
- 250 మి.లీ. బీకర్లు రెండు, బోరోసిలికేట్ 1 లీటర్ బీకర్ ఒకటి
- అగేట్ రోలు, అల్యూమినా క్రూసిబుల్, మఫుల్ ఫర్నేస్
- నైట్రైల్ గ్లవ్స్, ఎన్95 మాస్క్, ఫేస్ షీల్డ్, పనిచేసే ఫ్యూమ్ హుడ్
- ప్లాస్టిక్ స్పాచులా, ప్లాస్టిక్ పట్టకారు. స్టీలువి పక్కన పెట్టేయండి. గీసుకుని రాలిన ఇనుప రజను ఒక్క మిల్లీగ్రాము పడినా వీఎస్‌ఎం దాన్ని కొలిచేస్తుంది.

జింక్ వాటా మార్చి సిరీస్ చేస్తున్నారా? ఐరన్, సిట్రిక్ యాసిడ్ మారవు. మిగతా రెండే మారతాయి. జింక్ 0 అయితే నికెల్ నైట్రేట్ 5.816 గ్రా. జింక్ 0.25కి నికెల్ నైట్రేట్ 4.362, జింక్ నైట్రేట్ 1.487. జింక్ 0.75కి నికెల్ నైట్రేట్ 1.454, జింక్ నైట్రేట్ 4.462. పూర్తి జింక్ అయితే జింక్ నైట్రేట్ 5.950 గ్రా.

1. ఐరన్ నైట్రేట్‌ని ముందు పరీక్షించండి

అందరూ దాటేసే మెట్టు ఇది. ఐరన్ నైట్రేట్ గాలిలో తేమని పీల్చేసుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో వానాకాలంలో మూత తీసిన సీసాలో ఊదారంగు పలుకులు ఒకదానికొకటి అంటుకుని, అడుగున తడి తేలడం కంటికే కనిపిస్తుంది. అలాంటి దాంట్లోంచి 16.160 గ్రాములు తూస్తే అందులో కొంత నీళ్లే. ఐరన్ తగ్గిపోయినట్టే.

పరీక్ష తేలిక. ఖాళీ క్రూసిబుల్‌ని 900 డిగ్రీల్లో కాల్చి, చల్లార్చి, తూచండి. అందులో సరిగ్గా 1 గ్రాము ఐరన్ నైట్రేట్ వేసి, మెల్లగా వేడిచేసి ద్రవం, పొగలు పోయాక 900 డిగ్రీల్లో గంట ఉంచండి. మిగిలే ఎర్రటి పొడి ఐరన్ ఆక్సైడ్. అది 0.1976 గ్రా. ఉండాలి. 0.190 వచ్చిందనుకోండి: 0.190 ÷ 0.1976 అంటే 96.1 శాతమే సరుకు. అప్పుడు తూయాల్సింది 16.160 ÷ 0.961 = 16.82 గ్రా. నికెల్, జింక్ నైట్రేట్లకీ ఇదే పరీక్ష చేయొచ్చు. గ్రాముకి నికెల్ ఆక్సైడ్ 0.2569, జింక్ ఆక్సైడ్ 0.2736 గ్రా. రావాలి.

ఈ నాలుగు శాతానికి ఇంత హడావిడి ఎందుకంటారా? ఐరన్ నాలుగు శాతం తగ్గితే ఆ మేరకు నికెల్, జింక్ ఆక్సైడ్లు మిగిలిపోతాయి. అవి బరువులో ఒకటిన్నర శాతం కూడా ఉండవు. కాలేజీ ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటిక నిర్మాణం చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో) దాదాపు కనిపించవు. "సింగిల్ ఫేజ్" అని రాసేస్తారు. కానీ స్పినెల్‌లో నికెల్, జింక్‌ల వాటా మీరు అనుకున్నదేనని ఇక ఎవరూ చెప్పలేరు.

2. ద్రావణం కలపడం

ఐరన్ నైట్రేట్‌ని చివర తూచండి, తూచిన వెంటనే నీళ్లలో వేసేయండి. 50 మి.లీ. నీళ్లలో అది పూర్తిగా కరిగాక నికెల్, జింక్ నైట్రేట్లు వేయండి. వేరే బీకర్‌లో ఇంకో 50 మి.లీ. నీళ్లలో సిట్రిక్ యాసిడ్ కరిగించి ఇందులో పోయండి. అరగంట తిప్పండి. తూకం కాగితానికి అంటుకున్న పలుకులుంటే నీళ్లతో కడిగి బీకర్‌లోనే పడేలా చూడండి.

3. పీహెచ్ 7కి తేవడం

అమ్మోనియాని డ్రాపర్‌తో చుక్క చుక్కగా వేయండి. ఒక్కసారి పోస్తే పడిన చోట గోధుమరంగు ముద్దలు కడతాయి. అది ఐరన్ హైడ్రాక్సైడ్. తిప్పుతూ ఉంటే కాసేపటికి కరిగిపోతే ఫర్వాలేదు. పది నిమిషాలైనా కరగకపోతే ఆ ద్రావణాన్ని వదిలేసి కొత్తగా కలపడమే మేలు. ఐరన్ ఒకచోట, నికెల్ ఒకచోట చేరాక వాటిని మళ్లీ కలపడం ఫర్నేస్ వల్ల కూడా సులువుగా కాదు.

పీహెచ్ 7 దాటి చాలా పైకి వెళ్లకండి. అమ్మోనియా ఎక్కువైతే నికెల్, జింక్ సిట్రేట్‌ని విడిచి అమ్మోనియాతో జట్టు కడతాయి.

పీహెచ్ మీటర్‌ని ఆరోజే 4, 7 బఫర్లతో సరిచేయండి. మీటర్ లేకపోతే పీహెచ్ పేపర్ వాడొచ్చు. కానీ ద్రావణం ముదురు రంగులో ఉంటుంది కాబట్టి పేపర్‌ని అందులో ముంచితే రంగు తెలియదు. గాజు కడ్డీతో ఒక చుక్క పేపర్ మీద పెట్టి, తడి పాకిన అంచు దగ్గర రంగు చూడండి.

సరిచూసుకోవడం: బీకర్ వెనక మొబైల్ టార్చ్ పెట్టండి. ద్రావణం ఎంత ముదురుగా ఉన్నా తేటగా ఉండాలి. మసకగా, రేణువులు తేలుతూ ఉంటే ముందుకు వెళ్లకండి.

4. జెల్

ద్రావణాన్ని 1 లీటర్ బీకర్‌లోకి మార్చి 80 డిగ్రీల దగ్గర తిప్పుతూ ఉంచండి. మూడు నాలుగు గంటలు పడుతుంది. తొందరపడి మరిగించకండి, బీకర్ గోడలకి చిమ్మి అక్కడే ఎండిపోతుంది.

ఎప్పుడు ఆపాలో మాటల్లో చెప్పడం కష్టం కానీ, బెల్లం పాకం పట్టడం చూసినవాళ్లకి తెలిసిపోతుంది. ముందు లేత పాకంలా ఉంటుంది. తర్వాత గాజు కడ్డీని పైకెత్తితే తీగ సాగుతుంది. తీగ పాకం వచ్చిన ఆ నిమిషంలోనే స్టిర్రర్ మాగ్నెట్‌ని బయటికి తీసేయాలి. ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది. తీయకపోతే మంటలో దాని టెఫ్లాన్ పూత కాలి విషవాయువులు వస్తాయి. పైగా తయారైన ఫెర్రైట్ అంతా ఆ అయస్కాంతానికే అంటుకుని ఊడిరాదు.

ఇంకో గట్టి హెచ్చరిక. ఈ జెల్‌లో నైట్రేట్లు, అమ్మోనియం నైట్రేట్, మండే సేంద్రియ పదార్థం కలిసి ఉన్నాయి. మూత పెట్టిన పాత్రలో గానీ, మూసిన ఓవెన్‌లో ముద్దగా గానీ ఎండబెట్టకండి. మిగిలిన జెల్‌ని సీసాలో దాచకండి.

5. మంట

ఫ్యూమ్ హుడ్‌లో అసిటోన్, టిష్యూ పేపర్లు, స్పిరిట్ సీసాలు ఏమీ లేకుండా తీసేయండి. ఫేస్ షీల్డ్ పెట్టుకోండి. హాట్‌ప్లేట్‌ని 200 నుంచి 250కి పెంచి, హుడ్ అద్దం దించి దూరంగా నిలబడండి.

జెల్ ఉబ్బి నురగలా పైకి లేస్తుంది. ఎర్రటి గోధుమరంగు పొగ వస్తుంది. అది నైట్రోజన్ డయాక్సైడ్, పీల్చకూడదు. తర్వాత ఒక మూల నిప్పురవ్వ అంటుకుని, కాకరపువ్వొత్తి కాలినట్టు ముద్దంతా పాకిపోతుంది. నిమిషాల్లో అయిపోతుంది. మిగిలేది గోధుమ నలుపు రంగులో, చెట్టు కొమ్మల్లా ఉబ్బిన తేలికపాటి బూడిద.

అంటుకోకుండా బొగ్గులా మాడుతోందా? పీహెచ్ 7కి బాగా తక్కువ ఉందేమో, సిట్రిక్ యాసిడ్ ఎక్కువ పడిందేమో చూడండి. ఆ బ్యాచ్ పనికిరాదని కాదు. కాల్సినేషన్‌లో (తర్వాతి మెట్టులోని కాల్చడంలో) కార్బన్ పోవడానికి ఎక్కువ సమయం ఇవ్వాలి, అంతే. మంట మరీ ఉధృతంగా వచ్చి పొడి హుడ్ అంతా ఎగిరితే తర్వాతి బ్యాచ్‌ని సగానికి తగ్గించండి.

వేడి బీకర్‌ని తడి బల్ల మీద పెట్టకండి, పగులుతుంది. చల్లారాక మాస్క్ పెట్టుకునే బూడిదని గీకండి. నికెల్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. కడిగిన నీళ్లు సింక్‌లో కాదు, నికెల్ వ్యర్థాల డబ్బాలో పోయండి.

6. కాల్చడం

బూడిదని అగేట్ రోట్లో అరగంట నూరండి. అల్యూమినా క్రూసిబుల్‌లో వేసి, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 400కి తీసుకెళ్లి గంట ఆపండి, మిగిలిన కార్బన్ పోతుంది. తర్వాత అదే వేగంతో 800కి తీసుకెళ్లి 4 గంటలు ఉంచండి. ఫర్నేస్ తలుపు తీయకుండా దానంతట అది చల్లారనివ్వండి.

మధ్యలో కరెంటు పోతే? 400 దగ్గర పోతే నష్టం లేదు, మళ్లీ మొదలుపెట్టండి. 800 దగ్గర పోతే చల్లారాక తీసి, మళ్లీ నూరి, నాలుగు గంటలూ పూర్తిగా ఇవ్వండి. సిరీస్‌లో ఒక్క శాంపిల్‌కే ఇలా జరిగితే దాని రేణువుల సైజు మిగతావాటితో పోల్చడానికి పనికిరాదు. ఆ శాంపిల్‌ని కొత్తగా చేయడం న్యాయం.

సరిచూసుకోవడం: లెక్క ప్రకారం 4.75 గ్రా. రావాలి, అంటుకున్నదీ ఎగిరిందీ పోగా అంతకు కొంచెం తక్కువే వస్తుంది. అంతకన్నా ఎక్కువ వచ్చిందంటే కార్బన్ ఇంకా మిగిలి ఉందన్నమాట, లేదా తూకం తప్పు. అయస్కాంతం దగ్గర పెడితే పొడి ఎగిరి అంటుకోవాలి. కానీ అంటుకున్నంత మాత్రాన స్వచ్ఛమైనదని కాదు, పావు వంతు మలినం ఉన్నా అలాగే అంటుకుంటుంది.

బిళ్లలు కావాలంటే బరువులో 2 శాతం పీవీఏ (పొడిని పట్టి ఉంచే జిగురు) కలిపి నొక్కి, 500 దగ్గర పీవీఏని కాల్చేసి, 1100 దగ్గర సింటర్ చేయండి (రేణువులు అతుక్కుని గట్టిపడేలా కాల్చండి). 1200 దాటితే జింక్ ఆవిరై పోతుంది, కొంత ఐరన్ రెండు ఆవేశాల స్థితికి మారుతుంది. అక్కడినుంచి ఫార్ములా మీరు రాసుకున్నది కాదు.

*సోల్-జెల్ వీలుకాకపోతే:* ఆక్సైడ్లతో సాలిడ్ స్టేట్ పద్ధతి. నికెల్ ఆక్సైడ్ 0.747, జింక్ ఆక్సైడ్ 0.814, ఐరన్ ఆక్సైడ్ 3.194 గ్రా. అసిటోన్ పోసి నాలుగు నుంచి ఆరు గంటలు నూరి, 900లో కాల్చి, మళ్లీ నూరి, 1150లో కాల్చాలి. రేణువులు పెద్దవవుతాయి. ఇందులో ఒక సుఖం ఉంది: బరువు తగ్గకూడదు. వేసిన 4.755 గ్రాములూ అలాగే రావాలి కాబట్టి తప్పు ఇట్టే తెలుస్తుంది.

7. ఎక్స్‌ఆర్‌డీ

20 నుంచి 80 డిగ్రీల టూ తీటా (ఎక్స్‌రే మళ్లిన కోణం), 0.02 డిగ్రీల స్టెప్, ఒక్కో స్టెప్‌కి ఒకటి రెండు సెకన్లు. కాపర్ ట్యూబ్ అయితే ఐరన్ ఫ్లోరెసెన్స్ వల్ల బ్యాక్‌గ్రౌండ్ ఎత్తుగా వస్తుంది. డిటెక్టర్ ఎనర్జీ విండోని కుదించమని ఆపరేటర్‌ని అడగండి. కోబాల్ట్ ట్యూబ్ ఉంటే ఇంకా మంచిది.

లాటిస్ పారామీటర్ (యూనిట్ సెల్ అంచు పొడవు) 8.390 ఆంగ్‌స్ట్రామ్‌లు అనుకుంటే కాపర్‌తో పీకులు ఇక్కడ రావాలి (ముందున్నది స్ఫటిక తలం పేరు, తర్వాతది టూ తీటా):

- 220: 30.10
- 311: 35.46 (అన్నింటికంటే ఎత్తు)
- 222: 37.09
- 400: 43.09
- 422: 53.46
- 511: 56.99
- 440: 62.58

మలినాల కోసం ఇక్కడ చూడండి. ఐరన్ ఆక్సైడ్, అంటే హెమటైట్, 33.15 దగ్గర తేలుతుంది. 220కి, 311కి మధ్య ఖాళీగా ఉండాల్సిన చోటు అది. అక్కడ చిన్న బొడిపె ఉన్నా హెమటైటే. మళ్లీ నూరి 900లో కాల్చండి. జింక్ ఆక్సైడ్ 31.77, 36.25 దగ్గర దొరుకుతుంది.

నికెల్ ఆక్సైడ్ మాత్రం దొంగ. దాని పీకులు 37.25, 43.28, 62.87 దగ్గర వస్తాయి. పైన జాబితాతో పోల్చి చూడండి, మూడూ స్పినెల్ పీకుల చాటునే ఉన్నాయి! 400 పీక్‌కి కుడివైపు భుజంలా ఉబ్బు ఉంటే, లేదా 400 పీక్ పక్కవాటితో పోలిస్తే ఉండాల్సినదానికంటే ఎత్తుగా ఉంటే దాన్ని అనుమానించండి. సాఫ్ట్‌వేర్ "మ్యాచ్" అందని వదిలేయకండి. 42 నుంచి 45 దాకా గ్రాఫ్‌ని పెద్దది చేసి కంటితో చూడండి.

*లాటిస్ పారామీటర్:* నికెల్ ఫెర్రైట్ 8.339, జింక్ ఫెర్రైట్ 8.441 ఆంగ్‌స్ట్రామ్‌లు. మధ్యవి దాదాపు సరళరేఖలో వస్తాయి: 8.339కి జింక్ వాటా × 0.102 కలపండి. మొత్తం సిరీస్‌కి ఉన్న తేడా పదో వంతు ఆంగ్‌స్ట్రామ్ మాత్రమేనని గుర్తుంచుకోండి. 200 మి.మీ. వ్యాసార్థమున్న యంత్రంలో పొడి హోల్డర్ అంచుకంటే 0.1 మి.మీ. ఎత్తుగా ఉంటే 311 పీక్ 0.055 డిగ్రీలు కుడికి జరుగుతుంది, లాటిస్ పారామీటర్ 0.012 తగ్గినట్టు కనిపిస్తుంది. అంటే జింక్ వాటాలో 0.12 తప్పు! పొడిని గాజు పలకతో అంచుకి సమంగా నొక్కండి. అంతకంటే నమ్మకమైన దారి: పొడిలో పదో వంతు సిలికాన్ కలిపి, దాని పీకులు 28.44, 47.30 దగ్గర ఉన్నాయో లేదో చూసి మొత్తం గ్రాఫ్‌ని సరిచేయడం. వీఎస్‌ఎంకి మాత్రం సిలికాన్ కలపని పొడినే ఇవ్వండి. ఒక్క 311తో లెక్కగట్టకుండా అన్ని పీకులతో నెల్సన్-రైలీ గీత (కోణాన్ని బట్టి వచ్చే తప్పుని తీసేసే గ్రాఫ్) గీయండి.

*క్రిస్టలైట్ (ఒక్కో చిన్న స్ఫటికం) సైజు:* షెరర్ సూత్రం అందరికీ తెలిసిందే: 0.9 × 1.5406 ÷ (పీక్ వెడల్పు × కాస్ తీటా). తప్పులు రెండు చోట్ల జరుగుతాయి. మొదటిది, యంత్రం వల్ల వచ్చే వెడల్పుని తీసేయకపోవడం. కొలిచింది 0.45 డిగ్రీలు, సిలికాన్‌తో యంత్రానిది 0.10 అని తేలితే, వర్గాల తేడాకి వర్గమూలం: 0.439 డిగ్రీలు. రెండోది, డిగ్రీలని రేడియన్లలోకి మార్చకపోవడం. 0.439 డిగ్రీలు అంటే 0.00766 రేడియన్లు, సైజు 190 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే 19 నానోమీటర్లు. మార్చకపోతే 3.3 ఆంగ్‌స్ట్రామ్‌లు వస్తుంది. యూనిట్ సెల్లే 8.39 ఉంటే క్రిస్టల్ 3.3 ఎలా ఉంటుంది? పైగా కాస్‌లో పెట్టాల్సింది టూ తీటా కాదు, అందులో సగం.

ఎక్స్‌రే సాంద్రత 5.35 గ్రా./ఘ.సెం.మీ. చుట్టుపక్కల రావాలి.

*క్యాటయాన్ల అమరిక:* 220, 422 పీకులు ఏ-సైట్‌కి, 222 పీక్ బీ-సైట్‌కి స్పందిస్తాయని చదివి, ఎత్తుల నిష్పత్తులతో లెక్క వేసేస్తుంటారు. ఐరన్‌కి 26, నికెల్‌కి 28, జింక్‌కి 30 ఎలక్ట్రాన్లు. ఎక్స్‌రే కంటికి ముగ్గురూ దాదాపు ఒకేలా కనిపిస్తారు. సాధారణ ఎక్స్‌ఆర్‌డీతో ఈ మూడింటినీ విడదీశామనడం సాహసం. మోస్‌బవర్ స్పెక్ట్రోస్కోపీ (ఐరన్ ఒక్కో సైట్‌లో ఎంత ఉందో చెప్పే పరీక్ష) చేయించండి. న్యూట్రాన్ డిఫ్రాక్షన్ కావాలంటే ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో ఆ సదుపాయం ఉంది. రెండూ వీలుకాకపోతే "జింక్ ఏ-సైట్‌లో ఉందని అనుకుంటే" అని నిజాయితీగా రాయండి.

8. వీఎస్‌ఎం

పంపించి చేయించుకునేవాళ్లు కూడా ఈ భాగం వదలకండి. ఆపరేటర్‌ని అడగాల్సినవన్నీ ఇక్కడే ఉన్నాయి.

*బరువు:* 20 మి.గ్రా. చుట్టూ తీసుకోండి. 5 మి.గ్రా. తీసుకుంటే తూకంలో 0.2 మి.గ్రా. తప్పుకే ఫలితం 4 శాతం మారుతుంది. ఖాళీ క్యాప్సూల్, పొడి వేసిన క్యాప్సూల్ విడివిడిగా తూచి, క్యాప్సూల్ బయట అంటుకున్న పొడిని తుడిచాకే అంకె రాసుకోండి.

*నింపడం:* పొడి కదలకూడదు. వదులుగా ఉంటే ఫీల్డ్ తిరగబడినప్పుడల్లా రేణువులు కూడా లేచి తిరుగుతాయి. గ్రాఫ్‌లో మెట్లు మెట్లుగా కుదుపులు వస్తాయి, కోయెర్సివిటీ (అయస్కాంతత్వాన్ని సున్నాకి తేవడానికి కావలసిన ఎదురు ఫీల్డ్) అబద్ధమవుతుంది. పైన దూదిగానీ టెఫ్లాన్ టేపుగానీ కూరి గట్టిగా నొక్కండి, లేదా కరిగిన మైనం ఒక చుక్క వేయండి. చెవి దగ్గర ఆడిస్తే చప్పుడు రాకూడదు.

*కాలిబ్రేషన్:* ఆరోజు నికెల్ స్టాండర్డ్ పెట్టారా అని అడగండి. గది ఉష్ణోగ్రతలో నికెల్‌ది గ్రాముకి దాదాపు 55 ఈఎంయూ. ఆ అంకె రాకపోతే మీ అంకెకీ విలువ లేదు.

*ఫీల్డ్:* కనీసం 15 కిలో ఓర్‌స్టెడ్, అంటే 1.5 టెస్లా. సున్నా దగ్గర స్టెప్ 5 నుంచి 10 ఓర్‌స్టెడ్ ఉండాలి. ఇది మెత్తని ఫెర్రైట్ (తేలికగా అయస్కాంతత్వం దిక్కు మార్చుకునేది), కోయెర్సివిటీ పదుల్లోనే ఉంటుంది. స్టెప్ 200 పెట్టి కోయెర్సివిటీ 47 అని రాయడంలో అర్థం లేదు.

*గ్రాఫ్ చదవడం:* ఖాళీ హోల్డర్ గ్రాఫ్‌ని ముందు తీసేయండి. ఎడమవైపు 48, కుడివైపు 22 దగ్గర గ్రాఫ్ సున్నాని దాటిందంటే కోయెర్సివిటీ రెంటి సగటు, 35. మిగిలిన 13 అయస్కాంతం ధ్రువాల్లో మిగిలిపోయిన ఫీల్డ్ వల్ల వచ్చిన జరుగుడు. దాన్ని "ఎక్స్‌ఛేంజ్ బయాస్" (పదార్థం వల్లే వచ్చే జరుగుడు) అని రాసి ఇరుక్కోకండి. చివర గ్రాఫ్ ఇంకా ఎక్కుతూ ఉంటే ఆఖరి పాయింట్‌ని సాచురేషన్ అనకండి. మాగ్నెటైజేషన్‌ని ఫీల్డ్ వర్గపు విలోమానికి గీసి, గీతని సున్నా దాకా పొడిగించి చదవండి.

*మాగ్నెటాన్ సంఖ్య (ఒక ఫార్ములాకి బోర్ మాగ్నెటాన్లు):* మోలార్ ద్రవ్యరాశి × సాచురేషన్ ÷ 5585. మన శాంపిల్‌కి 60 వస్తే 237.72 × 60 ÷ 5585 = 2.55. సిరీస్ అంతటికీ ఒకే మోలార్ ద్రవ్యరాశి వాడకండి. నికెల్ ఫెర్రైట్‌కి 234.38, జింక్ ఫెర్రైట్‌కి 241.07.

అంకె తేడాగా వస్తే ఈ వరుసలో వెతకండి

38 లాంటి తక్కువ అంకె వచ్చిందనుకోండి. మొదట క్యాప్సూల్‌ని మళ్లీ తూచండి. ఈఎంయూని గ్రాములతో భాగించారా, మిల్లీగ్రాములతోనా? తర్వాత అదే పొడిని మళ్లీ నింపి కొలవండి. రెండు కొలతలకి 2, 3 శాతం మించి తేడా ఉంటే లోపం శాంపిల్‌ది కాదు. అక్కడా సరిగ్గా ఉంటే 33.15, 43.28 దగ్గర ఎక్స్‌ఆర్‌డీ చూడండి. ఆ తర్వాత క్రిస్టలైట్ సైజు. పది, ఇరవై నానోమీటర్ల రేణువుల్లో ఉపరితలం మీది స్పిన్లు చెదిరి ఉంటాయి కాబట్టి మాగ్నెటైజేషన్ నిజంగానే తగ్గుతుంది. ఇది తేల్చడానికి అదే పొడిని 1000 డిగ్రీల్లో కాల్చి మళ్లీ కొలవండి. రేణువులు పెరిగి అంకె బాగా ఎక్కితే కారణం సైజే. ఎక్కకపోతే కూర్పులో తేడా ఉంది, ఐరన్ నైట్రేట్ పరీక్ష దగ్గరికి వెనక్కి వెళ్లండి.

పూర్తి జింక్ ఫెర్రైట్ అయస్కాంతానికి అంటుకుంటోందని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. పెద్ద రేణువుల జింక్ ఫెర్రైట్ గది ఉష్ణోగ్రతలో పారామాగ్నెటే (అతి బలహీనంగా ఆకర్షితమయ్యేదే). సోల్-జెల్‌లో చేసిన నానో పొడిలో మాత్రం కొంత జింక్ బీ-సైట్‌లో చిక్కుకుపోయి, ఐరన్ రెండు సైట్లలోనూ పడుతుంది, అందుకే అంటుకుంటుంది. హెమటైట్ లేదని, నికెల్ పొడి అదే రోట్లో నూరలేదని తేల్చుకున్నాక ఇక్కడ క్యాటయాన్ల అమరిక మాట నిర్భయంగా రాయొచ్చు.

శాంపిల్ సీసా మీద కూర్పు, ఐరన్ నైట్రేట్ పరీక్షలో వచ్చిన శాతం, పీహెచ్, కాల్చిన ఉష్ణోగ్రత, గంటలు, తేదీ రాయండి. సగం జింక్ ఉన్న శాంపిల్‌ని మొదటినుంచి రెండోసారి చేసి, రెండు బ్యాచ్‌ల లాటిస్ పారామీటర్, మాగ్నెటైజేషన్ పక్కపక్కన పెట్టండి. ఆ రెంటి మధ్య ఎంత తేడా ఉందో, మీ సిరీస్‌లోని మిగతా అంకెలన్నింటికీ అంత ఎర్రర్ బార్ గీయండి.